కూర్చుండుటకొక చోటు

విశ్వవిద్యాలయములకు బిడ్డలను పంపిన మన ప్రాంతపు గృహస్థులనోట ఈ నడుమ ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. సెలవులకు వచ్చిన కుమారుడు చెప్పినదానిని వారు మనకు చెప్పుదురు. “అక్కడ దళిత విద్యార్థులు ఎప్పుడును వేరుగా కూర్చుందురట, వారికొక చెట్టు, వారికొక గోడ, వారికొక పటము. అందరితో కలిసియుండరాదా?” అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నయందు ద్వేషము లేకపోవచ్చును. అడుగువాడు మంచివాడే కావచ్చును. కాని వారు వేరుగా ఏల కూర్చుందురని అడుగుటకు ముందు, అందరును కూర్చుండుచోట వారు ఎట్లు కూర్చుండవలసివచ్చుచున్నదో విచారించినవారు అరుదు. ఆ విచారణ చేయుటకే ఈ వ్యాసము.

తెలుగుదేశమున ఏ పాత యూరినైనను ఒకసారి కాలినడకను చుట్టివచ్చినచో, ఊరి కట్టడియే కొంత సమాధానము చెప్పును. నడుమ గుడియో గడియో ఉండును. దానిచుట్టును వీధులు, వీధులు కలియుచోట రచ్చకట్ట. ఊరు ముగిసినదని తోచిన పిమ్మట, పొలము మొదలుకాకమునుపు, ఒక వాడ. దానికి మన పూర్వులిడిన పేరు వెలివాడ. వెలి యనగా వెలుపల. ఊరిలోని పనియంతయు ఆ వాడవారిదే. ఊరు మాత్రము వారిది కాదు. మన ఆత్మకూరు అమరచింత సంస్థానమునకు రాజధానియై కవిపండితులను పిలిచి గౌరవించిన యూరు. ఆ కొలువులో పద్యము చదివిన వారి పేర్లు మనకు తెలియును. ఆ కొలువునకు దివిటీ పట్టినవారు, పల్లకి మోసినవారు, గోడకవతల నిలిచి విన్నవారు ఎవరో ఏ గ్రంథమునందును వ్రాయబడలేదు. రచ్చకట్టపై తీర్పు జరుగునప్పుడు సయితము వారు దూరముగా నిలిచియే తమ మొర చెప్పుకొనవలసియుండెను. కావున కూర్చుండుట యనునది మన దేశమున కేవలము శరీరవిశ్రాంతికి సంబంధించిన విషయము కాదు. ఎవరు ఎచట కూర్చుండవచ్చును, ఎవరు నిలువవలెను అనుటయే చిరకాలము సంఘశాసనమై నడచినది.

1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఆ శాసనమును కొట్టివేసినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 15వ అధికరణము బావులు, చెరువులు, స్నానఘట్టములు, దుకాణములు, భోజనశాలలు, రహదారులు మొదలగు సామాన్యస్థలములలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని చెప్పినది. శాసనము తలుపు తెరచినదనుటలో సందేహము లేదు. తలుపు తెరచిన తరువాత లోపల ఆసనము చూపుట శాసనమువలన కాదు. అది లోపల నున్నవారి మర్యాదవలన జరుగవలసిన పని. ఆ మర్యాద ఎంతవరకు జరిగినదో తెలిసికొనుటకు విశ్వవిద్యాలయమును మించిన చోటు లేదు. ఏలయన, అచట నున్నవారందరు చదివినవారు. శాసన మెరుగని వారొక్కరును లేరు.

హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974వ సంవత్సరమున స్థాపింపబడినది. అచట 1993లో అంబేద్కర్ విద్యార్థి సంఘ మేర్పడినది. 2015వ సంవత్సరమున విద్యార్థి సంఘముల నడుమ కలిగిన యొక వివాదమును పురస్కరించుకొని ఈ సంఘమునకు చెందిన ఐదుగురు పరిశోధకులను వసతిగృహములనుండి వెలుపలికి పంపిరి. పరిపాలనా భవనములోనికి పోరాదనియు, సామాన్యస్థలములలోనికి గుంపుగా ప్రవేశింపరాదనియు ఆ శిక్షలో నొక భాగము. శిక్షయొక్క న్యాయాన్యాయములను గూర్చి అప్పుడును ఇప్పుడును భిన్నాభిప్రాయములు కలవు. మన ప్రస్తుతాంశమునకు కావలసినది, ఆ ఐదుగురు తరువాత చేసిన పని. 2016 జనవరి మొదటి దినములలో వారు తమ పరుపులను, పుస్తకములను, అంబేద్కరు పటమును మోసికొని వచ్చి, విశ్వవిద్యాలయావరణలోని దుకాణముల సముదాయమువద్ద ఆరుబయట నిలిచిరి. చుట్టును పెద్ద పటముల గుడ్డలను గోడలవలె కట్టిరి. ఆ గోడలపై అంబేద్కరు, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి మొదలగువారి మొగములు. ఆ చోటికి వారిడిన పేరు ‘వెలివాడ’. తాతముత్తాతల యూరిలో ఇతరులు పెట్టిన పేరును, పరిశోధక విద్యార్థులు దేశమందలి యొక ప్రసిద్ధ విద్యాపీఠమునందు తామే తీసికొని తమ గుడారమునకు పెట్టుకొనవలసివచ్చెను. తెలుగుమాట యొకటి ఒక్క వారములో దేశమంతట అర్థమైనది. ఆ ఐదుగురిలో నొకడగు రోహిత్ వేముల, కార్ల్ సాగన్ వలె విజ్ఞానశాస్త్ర రచయిత కావలెనని కోరుకొనిన యువకుడు, జనవరి 17వ తేదీన ప్రాణములు విడిచెను.

ఆ దుర్మరణమును గూర్చి పత్రికలు వ్రాసినది చాల. ఆ గుడ్డగోడల నడుమను, ఇతర విద్యాలయములలో అట్టి చెట్టునీడలను, ప్రతిదినము జరుగు సాధారణ జీవనమును గూర్చి వ్రాసినది తక్కువ. మరణము వార్త యగును. టీ త్రాగుట వార్త కాదు. కాని ఒక చోటు దేనికి ఉపయోగపడుచున్నదో తెలియవలెనన్నచో ఆ చోట సాధారణదినమున ఏమి జరుగునో చూడవలెను.

సాయంకాలము ఐదుగంటలు. తరగతులు ముగిసినవి. మొదట వచ్చినవాడు గట్టుమీది దుమ్మును తువ్వాలతో దులిపి సంచి క్రింద నుంచును. తరువాత ఇద్దరు, ముగ్గురు. టీ నాలుగు గ్లాసులు తెచ్చి ఆరుగురు పంచుకొందురు. ఒకనికి పరిశోధకవేతనము నాలుగు నెలలుగా రాలేదు; భోజనశాల బాకీకి ఎవరు ఎంత సర్దగలరో లెక్క జరుగును. ఒక అమ్మాయి మొదటిసారి ఆంగ్లమున సెమినారు పత్రము చదువవలసియున్నది. నలుగురు శ్రోతలై కూర్చుందురు, ఒక పెద్ద విద్యార్థిని పదములను సవరించును, ఎవరును నవ్వరు. కొత్తగా చేరిన కుర్రవానికి కులధ్రువీకరణ పత్రమునకు, ఆదాయపత్రమునకు తహశీలుదారు కచేరిలో ఏ కాగితము ముందివ్వవలెనో చెప్పువాడు అక్కడనే దొరకును. ఆ యువకుని తండ్రికి అది తెలియదు, తాతకు కచేరి గడపయే తెలియదు. మన యిండ్లలో బిడ్డకు ఈ సంగతులన్నియు భోజనము చేయుచుండగనే తెలిసిపోవును. మేనమామ వకీలు, పినతండ్రి డాక్టరు, పొరుగింటి ఆయన ప్రిన్సిపాలు. వారికి ఆ చెట్టుక్రింది గట్టే మేనమామ, అదే పినతండ్రి.

చీకటిపడు వేళకు ఒకని ఫోను మ్రోగును. అవతల తల్లి. “తిన్నవా బిడ్డా? ఏం కూర?” అను ప్రశ్నకు అతడు తన యూరి మాటలోనే, గొంతు తగ్గింపక, జవాబిచ్చును. ఈ చిన్నవిషయమును పాఠకులు గమనింపవలెను. వసతిగృహపు నడవలో ఆ కుర్రవాడే ఫోనెత్తినచో మెట్లు దిగి గోడచాటునకు పోయి మాటలాడును. తల్లి మాట ప్రక్కవానికి వినబడకుండునట్లు చూచుకొనును. గట్టుమీద ఆ జాగ్రత్త అవసరము లేదు. జనవరి 3వ తేదీన సావిత్రీబాయి జయంతి, ఏప్రిల్ 11న ఫూలే జయంతి, 14న అంబేద్కరు జయంతి దగ్గరపడినప్పుడు ఆ చోటు ఇంకను సందడిగా నుండును. ఒకడు డప్పు కాచి బిగించును. ఒకడు గోడపత్రిక వ్రాయును. చందాల పుస్తకములో పది రూపాయలు మొదలుకొని పేర్లు పడును. మిగిలిన దినములలో మాత్రము అచట జరుగునది పరీక్షలు, ఉద్యోగప్రకటనలు, రైలు టిక్కెట్లు, క్రికెట్టు, ఒకరినొకరు ఎగతాళి చేసికొనుట. ఇతర యువకులు చేయు పనియే. రహస్యమేమియు లేదు. కుట్ర యంతకన్న లేదు.

అయినచో ఇది యంతయు సామాన్య భోజనశాలలోనే చేయరాదా? చేయవచ్చును. చేసినవారు చెప్పునది వినుడు. అచట కొత్తవానిని ముందుగా అడుగు ప్రశ్న “నీ ర్యాంకెంత?” అనునది. అడుగువానికి కావలసినది అంకె కాదు. ఆ అంకెతో ఏ జాబితాలో సీటు వచ్చినదో తెలిసికొనుట. రెండవ ప్రశ్న ఇంటిపేరు. మూడవది “మీ యూరిలో మీ యిల్లు ఎటువైపు?” ఊరి దిక్కును బట్టి కులము తేల్చు శాస్త్రము మనవారికి బాగుగా వచ్చును. మహాభారతమున అస్త్రవిద్యాప్రదర్శన రంగమునందు కర్ణుడు విల్లెత్తి నిలువగా, కృపాచార్యుడడిగినది అతని విద్యను గూర్చి కాదు, వంశమును గూర్చి. విద్యతో పోటీపడ వచ్చినవానిని పుట్టుకతో నిలిపివేయు ఆ ప్రశ్న నేటికిని రూపము మార్చుకొని భోజనశాల బల్లలపై తిరుగుచున్నది. ఒక్కొక్క ప్రశ్న చిన్నదే; నిందయని చెప్పుటకు వీలు కానిది. కాని దినమునకు పదిసార్లు తన్ను తాను వివరించుకొనుచు భోజనము చేయవలసినవాడు, వివరణ అక్కరలేని గట్టు కనబడినచో అటు నడచుట ఆశ్చర్యమా? ఆ గట్టు అతనికి ఇచ్చు ముఖ్యవస్తువు విశ్రాంతి. కొంతసేపు తాను ఒక వర్గమునకు ప్రతినిధి కాక, ఒక మనుష్యుడుగా ఉండగల విశ్రాంతి.

ఈ చోటికి మొదటి మెట్టు విశ్వవిద్యాలయమునందు లేదు. మన పట్టణములలోని సంక్షేమ వసతిగృహములలో నున్నది. వనపర్తి, గద్వాల, నాగరుకర్నూలు జిల్లాలు పాత పాలమూరు జిల్లాలోనివి. జూరాల నీరు పారిన పొలములు కొన్ని కలవుగాని, వానను నమ్మిన నేలలును చాల కలవు. ఆ నేలలనుండి గుంపు మేస్త్రీ వెంట దూరదేశములకు మట్టిపనికి, రాతిపనికి పోయిన కుటుంబములు ఎన్ని తరములుగా నున్నవో మన కందరకును తెలియును. పాలమూరు కూలి త్రవ్వని కాలువ, ఎత్తని ఆనకట్ట దేశమున అరుదని ప్రసిద్ధి. అట్లు పోవు తల్లిదండ్రులు పిల్లవానిని ముసలి అవ్వ వద్దనో, వసతిగృహమునందో విడిచి పోవుదురు. కావున వసతిగృహము పలువురకు చదువుకొను చోటు మాత్రమే కాదు; ఏడాదిలో పదినెలలు అదియే ఇల్లు.

అట్టి గృహమున నొక దినమెట్లు గడచునో చూతము. తెల్లవారకమునుపే కొళాయివద్ద వరుస. ఒక్కొక్కనికి ఒక ట్రంకుపెట్టె, ఒక పళ్లెము, ఒక గ్లాసు. పెట్టెకు తాళము, తాళపుచెవి మెడలోని దారమునకు. కిటికీ చువ్వలకు ఆరవేసిన చొక్కాలు. బడినుండి వచ్చిన తరువాత ఆట, ఆట తరువాత చదువుగంట, ఆపై పళ్లెములతో మరల వరుస. పెద్దపిల్లవాడు చిన్నవానికి ఎక్కములు చెప్పును; చిన్నవాడు పెద్దవాని చొక్కాకు గుండీ కుట్టును. ఆదివారమునాడు కొందరి తల్లులు జొన్నరొట్టెలు, పచ్చడి మూటగట్టుకొని వత్తురు. ఎవరి తల్లి వచ్చినను ఆ మూట నలుగురి యెదుట విప్పబడును. తల్లి రానివాడు రొట్టె లేక పోడు. ఇతరుల యింట గడపవద్ద నిలిచి దోసిలిపట్టి నీరు త్రాగిన తాతల మనుమలు ఇచట ఒకే బిందెలోని నీరు ముంచుకొని త్రాగుచున్నారు. దీనిని చిన్నపనిగా నెంచరాదు.

ప్రభుత్వము ఈ పిల్లల భోజనమునకిచ్చు మొత్తమును 2024వ సంవత్సరాంతమున తెలంగాణమునందు పెంచిరి. 3 మొదలు 7వ తరగతివరకు నెలకు 950 రూపాయలుగా నున్నది 1330 రూపాయలైనది. 8 మొదలు 10వ తరగతివరకు 1100 నుండి 1540. ఇంటర్మీడియెటు మొదలు పై చదువులవారికి 1500 నుండి 2100. పెంచుట సంతోషకరమే. అయినను 1540 రూపాయలను ముప్పది దినములకు పంచి చూచినచో దినమునకు ఏబదియొక్క రూపాయలు. ఎదుగుచున్న పదునైదేండ్ల బాలునకు ఉదయపు ఫలహారము, రెండు పూటల భోజనము, గ్రుడ్డు, పాలు ఈ మొత్తమునందే రావలెను. మన యింట ఒక అతిథికి ఒక పూట వడ్డించునదానితో దీనిని పోల్చుకొని ఎవరికి వారే లెక్క చూచుకొందురు గాక! అయినను ఇట్టి గృహములనుండియే, ఇట్టి గురుకులములనుండియే ఫలితములు వచ్చుచున్నవి. 2014వ సంవత్సరము మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కిన మలావత్ పూర్ణ సాంఘికసంక్షేమ గురుకుల విద్యార్థిని, అప్పటికామెకు పదుమూడేండ్లు. ఆమెతోకూడ ఎక్కిన ఆనందకుమారును అట్టి విద్యార్థియే.

ఇక అసలు ఆక్షేపణకు వత్తము. వేరుగా కూర్చుండుట జాతీయైక్యమునకు భంగము కాదా, కులమును పోగొట్టవలసిన చదువు కులమును బలపరచుట కాదా, అని పెద్దలడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము పరదేశమునుండి తేనక్కరలేదు. మన చరిత్రయందే కలదు.

నిజాము రాజ్యమున తెలుగువారు అధికసంఖ్యాకులు. అయినను కచేరి భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినప్పుడు అది తెలుగుపుస్తకములకును, తెలుగు మాటలాడుకొనువారికిని కూర్చుండుటకొక చోటు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షుడు. అది అందరి సభ. అచట ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబూనగా సభ్యులు అల్లరిచేసి హేళనచేసిరి. ఆ అవమానము సహింపలేని కొందరు ఆ రాత్రియే టేకుమాల రంగారావు గృహమున కూడి ఆంధ్రజన సంఘమునకు పునాది వేసిరి. అందరి సభలో తన భాషకు చోటు లేకపోయినందున తమ సభను తాము చేసికొనిరి. వారిని చీలికదారులని నేడెవరైనను అనుచున్నారా? 1930లో జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ జరిగినప్పుడు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డి మన గద్వాల ప్రాంతమువారే. ఆ చిన్న కూటమినుండియే ఒక ప్రజల మేల్కొలుపు వచ్చినదని మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము.

అంతకు మూడేండ్లముందు, 1918లో, హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహ మేర్పడినది. దానికి ప్రాణము పోసిన రాజా బహద్దూరు వేంకటరామారెడ్డి వనపర్తి సంస్థానపు గ్రామమున పుట్టినవారు. 1920 నుండి హైదరాబాదు నగర కొత్వాలు. పల్లెనుండి వచ్చిన రైతుబిడ్డలకు ఆ నగరమున దిక్కు తెలియదు, భాష రాదు, అద్దెకు గది దొరకదు, తినుటకు పూటకూలి యింటి అన్నము. తమవారి మధ్య కూర్చుండి నిలదొక్కుకొనుటకు వారికొక చోటు కావలెనని పెద్దలు తలంచిరి. సురవరమువారే కొంతకాలము దానికి కార్యదర్శి. పిమ్మట వైశ్యులకు, మున్నూరుకాపులకు, గౌడులకు, ఇతరులకును అట్టి గృహములు వెలసినవి. వానిలో చదివి పైకివచ్చిన వారెందరో! ఈ పత్రిక చదువు గృహస్థులలో కొందరి తాతలు ఆ గదులలో ఉండినవారే. భూములు, పలుకుబడి, బంధువులు ఉండియు కొత్తనగరమున తమవారి నీడ అవసరమైనదన్నచో, ఆ మూడును లేనివానికి ఎంత యవసరమగును? మనము చేసినప్పుడు సంఘసేవ, వారు చేసినప్పుడు వేర్పాటు అగుట ఏ తర్కమునకును నిలువదు.

వారును కొత్తగా మొదలుపెట్టలేదు. భాగ్యరెడ్డి వర్మ 1906లోనే హైదరాబాదున జగన్మిత్ర మండలిని స్థాపించెను. 1911లో అది మాన్యసంఘమైనది. 1917 నవంబరులో బెజవాడయందు పంచమ మహాజనసభ కూడగా అధ్యక్షుడైన ఆయన ‘పంచమ’ శబ్దమును త్రోసిపుచ్చి, తమవారు ఆదిఆంధ్రులని ప్రకటించెను. సభ పేరే మారినది. చాదరుఘాటులోని ఆదిహిందూ భవనము ఆ తరమువారికి సభామందిరమైనది. ఇతరులు పెట్టిన పేరును వదలి తమ పేరు తాము పెట్టుకొనుటకు ముందుగా కలసి కూర్చుండుటకొక కప్పు కావలెను. నూరేండ్ల పిమ్మట విద్యార్థులు పాత పేరునే, వెలివాడ యను పేరునే, ఎత్తి పట్టుకొనుట దానికి వ్యతిరేకము కాదు. మరుగుపడిన గాయమును అందరికి చూపుట యది.

ఈ విషయమున అమెరికాదేశపు నల్లజాతివారి యనుభవమును మనవారు తెలిసికొనదగియున్నది. అంబేద్కరు 1913 నుండి 1916 వరకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివెను. నల్లజాతివారి హార్లెము దానికి సమీపముననే యున్నది. 1946లో ఆయన నల్లజాతి పండితుడు డుబాయిసునకు లేఖ వ్రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు పంపిన వినతిపత్రమును గూర్చి విచారించెను. ఆ దేశమున వేరుబడుల పద్ధతి 1954వ సంవత్సరమున న్యాయస్థానముచే చెల్లదని తీర్పు పొందినది. తరువాత నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతీయుల విశ్వవిద్యాలయములలో నంతకంతకు ఎక్కువగా ప్రవేశించిరి. తలుపు తెరువబడినది, ఆసనము మాత్రము దొరకలేదు. 1966లో సాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలయందు నల్లజాతి విద్యార్థి సంఘము వెలసినది. 1969లో యేల్ విశ్వవిద్యాలయమున వారికొక సాంస్కృతికగృహ మేర్పడినది. కార్నెల్ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థినులు సహకారముగా నివసించు వారీ గృహము ముందర 1969 ఏప్రిల్ 18వ తేదీన ఎవరో శిలువను మండించి పోయిరి. అమెరికాలో మండు శిలువ నల్లజాతివారికి ప్రాణభయము చూపు గుర్తు. మరునాడు విద్యార్థులు అచటి విద్యార్థి భవనమును ఆక్రమించిరి.

ఆ గృహములలో ప్రతిదినము జరుగునదియు మన గట్టుమీద జరుగునదే. పాతబడిన సోఫాలు, గోడలమీద పెద్దల పటములు, ఒక మూల జడలు అల్లుకొను అమ్మాయిలు, మరియొక మూల లెక్కల పుస్తకము, వంటయింటినుండి ఇంటి వంట వాసన. బెవర్లీ డానియెల్ టేటమ్ అను మనశ్శాస్త్రవేత్త 1997లో ఒక గ్రంథము ప్రకటించినది. ‘నల్లజాతి పిల్లలందరు భోజనశాలలో ఒక్కచోటనే ఏల కూర్చుండుచున్నారు?’ అనునదే దాని పేరు. మన గృహస్థులడుగు ప్రశ్నయే. ఎదుగు వయస్సున తన జాతిని గూర్చి లోకము వేయు ప్రశ్నలకు సమాధానము వెదకు బాలుడు, ఆ ప్రశ్నలనే ఎదుర్కొనుచున్న తోటివారి తోడు కోరుట సహజమనియు, అది రోగము కాదు రక్షణ యనియు ఆమె వాదము. ఆ బల్లకు ప్రక్కనే తెల్లపిల్లలు మాత్రమే కూర్చున్న బల్లలు ఎన్నియో యుండును; వానిని గూర్చి ఎవరును ప్రశ్నింపరు. అధికసంఖ్యాకుల కూటమి కంటికి కూటమిగా కనబడదు. యూటా రాష్ట్రమున 2024వ సంవత్సరమున వచ్చిన యొక శాసనమువలన అచటి విశ్వవిద్యాలయము నల్లజాతి సాంస్కృతిక కేంద్రమును మూసివేసినది. అందరకును ఒకే కేంద్రము చాలునని శాసనకర్తల వాదము. ఆ వాదము వినుటకు ఇంపుగానే యుండును. భోజనశాలలో ప్రశ్నలు మానినదాక అది సగము న్యాయమే.

అయినను ప్రతిపక్షపు మాటలో నిజము లేదని చెప్పజాలము. నీడకై వెలసిన చోటు కాలక్రమమున కోటయగుట కలదు. కులవసతిగృహములలో కొన్ని విద్యాశాలలుగా మొదలై ఎన్నికల కూటములుగా మారుట మనము చూడనిది కాదు. దళిత విద్యార్థుల చోటులును ఈ దోషమునకు అతీతములు కావు. ఒకే గదిలోని మాల బాలునకు, మాదిగ బాలునకు నడుమ గీత గీయువారు కలరు. గట్టుమీది చర్చలో ఆడపిల్ల మాటకు విలువ తక్కువయగు దినములు కలవు. ఉపకులముల వర్గీకరణకై 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము ముప్పదియేండ్లు నడచినది. సర్వోన్నత న్యాయస్థానము 2024 ఆగస్టు 1న వర్గీకరణకు దారి తెరచినది. తెలంగాణమున 2025 ఏప్రిల్ 14 నుండి ఆ శాసనము అమలైనది. వెలివాడలోను లోపలివాడు, వెలుపలివాడు ఉండుట మన సంఘము వారికి అంటించిన వ్యాధియే. అయినను వ్యాధి వ్యాధియే, చికిత్స అవసరమే.

కావున అట్టి చోటు మంచిదా చెడ్డదా అని తేల్చుటకు ఒక పరీక్ష చాలును. ఆ చోట కూర్చుండి లేచినవాడు అందరి మధ్యకు మునుపటికన్న నిటారుగా నడచి పోవుచున్నాడా, లేక అక్కడనే చిక్కుకొనుచున్నాడా? ప్రయాణికుడు చలివేంద్రమున ఆగుట దారి మానుటకు కాదు, దారి సాగుటకు. సెమినారు పత్రమును గట్టుమీద నాలుగుసార్లు చదివిన అమ్మాయి మరునాడు సభలో తడబడక చదివినచో ఆ గట్టు తన పని చేసినది. ఆ సభలో ఆమెను విన్నవారు నవ్వక ప్రశ్నించినచో సభయు తన పని చేసినది. రెండవ సగము మన చేతిలోనిది.

దాని విషయమై ఆత్మకూరువంటి పట్టణముల గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. గొప్పవి కావు, ధనవ్యయము కలవియు కావు. కళాశాలకు చదువ వచ్చిన బాలుడు గది అద్దెకడిగినప్పుడు ఇంటిపేరు విచారింపక గది చూపుట మొదటిది. గది ఖాళీ లేదని చెప్పి, మరుగంటలో మరొకనికి ఇచ్చుట మన పట్టణములలో జరుగని పని కాదు. ఊరిలోని వసతిగృహమునకు జెండాపండుగనాడు మిఠాయి పంచుటకు కాక, ఒక మామూలు మంగళవారమునాడు పోయి ఆ పిల్లలతో ఆ వరుసలోనే కూర్చుండి ఆ అన్నమే తినుట రెండవది. అన్నము బాగుండనిచో అప్పుడు మన గొంతు అధికారులకు వినబడును. పిల్లల గొంతు వినబడుట లేదు. మన యిండ్లలో చదివిన పత్రికలు, పుస్తకములు, బిడ్డలు విడిచిన పాఠ్యగ్రంథములు ఆ గృహమునకు నెలనెల చేరునట్లు చూచుట మూడవది. రవినారాయణరెడ్డివంటి భూస్వామి కుటుంబపు యువకులు హరిజన సేవక సంఘమున పనిచేసిన రాష్ట్రము మనది; ఈ మాత్రము మనకు కొత్తయు కాదు, బరువును కాదు.

నాలుగవది అన్నిటికన్న సులభము, అన్నిటికన్న కష్టము. సెలవులకు వచ్చిన కుమారుడు “వారు వేరుగా కూర్చుందురు” అని చెప్పినప్పుడు “అట్లా!” అని తలయూపి ఊరకుండక, “నీవు కూర్చున్న బల్లవద్ద ఎవరెవరు కూర్చుందురు?” అని తండ్రి అడుగవలెను. ఆ బల్లవద్ద అందరును ఒకే వీధివారైనచో, వేరుగా కూర్చున్నది ఎవరో అతనికే తెలియును. అడుగకయే కొంచెము జరిగి ప్రక్కన చోటిచ్చు వాడుక ఆ బల్లవద్ద మొదలైననాడు, గట్టుమీది గుడ్డగోడలు ఎవరును పీకకయే తొలగిపోవును. అంతవరకు ఆ గట్టు ఉండవలసినదే. దానిని అసూయతో కాక ఆదరముతో చూచుట చదువరులకు తగిన పని.